అస్సీ నుంచి నమో ఘాట్ దాకా: ఇద్దరికి సరిపోయే కాశీ నడక

కాశీ వెళ్లే మనవాళ్లలో చాలామంది గంగను రెండు చోట్లే చూసి వస్తారు: మునక వేసిన రేవు, హారతి చూసిన పడవ. ఆ రెంటికీ అటూ ఇటూ ఆరున్నర కిలోమీటర్ల పైచిలుకు రాతిమెట్ల వరస ఉంది. దానికి టికెట్టు లేదు, గేటు లేదు, మూసే వేళా లేదు. నడిచేవాళ్లకు ఆ వరస ఎంతవరకు అక్కరకొస్తుంది, ఎక్కడ కాళ్లు పట్టేస్తాయి, ఎక్కడ జేబు ఖాళీ అవుతుంది అన్నదే ఈ సమీక్ష. ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్తారన్న లెక్కతో రాసింది. ఒక్కరే వెళ్తే సంచీకి కాపలా ఉండదు కాబట్టి స్నానం కుదరదు, ఫోన్లు పెట్టే చోటు లేక దర్శనమూ తంటాయే. ఇరవై మంది యాత్రా బృందమైతే కేదార ఘాట్ దగ్గర తలలు లెక్కపెట్టుకునేసరికే ఎండెక్కుతుంది. ఇద్దరైతే అన్నీ కుదురుతాయి.

తీర్పు ముందే చెప్పేస్తున్నాం. దక్షిణపు సగం, అంటే అస్సీ నుంచి దశాశ్వమేధ్ దాకా, అయిదుకి నాలుగు. మధ్య ముక్క, దశాశ్వమేధ్ నుంచి మణికర్ణిక దాటేవరకు, రెండున్నర. ఉత్తరపు సగం, సింధియా ఘాట్ నుంచి రాజ్‌ఘాట్ పక్కనున్న నమో ఘాట్ వరకు, నాలుగున్నర. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఆ రెండున్నర మార్కుల ముక్కకే!

నది తీరు తెలిస్తే నడక సగం సులువవుతుంది. గంగ ఇక్కడ ఉత్తరవాహిని, దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. ఊరంతా పడమటి ఒడ్డున ఉంది, ఎదుటి ఒడ్డు ఉత్త ఇసుక తిన్నె. కాబట్టి ఘాట్లన్నీ తూర్పు ముఖమే. సూర్యుడు ఇసుక మీద లేచి నేరుగా మెట్ల మీద పడతాడు. మధ్యాహ్నం దాటాక వెనకనున్న కోటలు, మేడల నీడ మెట్ల మీదికి దిగుతుంది. వెలుతురు కావాలంటే పొద్దున, నీడ కావాలంటే సాయంత్రం. ఎండాకాలం సాయంత్రం మాత్రం నీడ చూసి మోసపోవద్దు. పొద్దుటినుంచీ కాగిన రాయి చీకటి పడేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిది దాటాక ఉత్తకాళ్లతో మెట్టు మీద నిలబడలేరు.

కాలం విషయానికొస్తే, నవంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా మేలు. అందులోనూ డిసెంబరు ఆఖరు నుంచి జనవరి సగం వరకు పొగమంచు కమ్మేస్తుంది. ఆరున్నర దాటాక లేవాల్సిన సూర్యుడు ఒక్కోరోజు తొమ్మిదైనా కనపడడు, ఎదుటి ఒడ్డు ఉందో లేదో కూడా తెలియదు. ఫొటోల కోసమైతే ఆ మూడు వారాలు వదిలేయండి. నడకకే అయితే ఫరవాలేదు, స్వెట్టరూ మంకీ క్యాపూ తప్పవు. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఈ నడక లేనట్టే లెక్క. వరదకి కింది మెట్లన్నీ మునిగి ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కి దారి తెగిపోతుంది, పడవలు ఆపేస్తారు, హారతి మేడల పైకెక్కుతుంది. ఇక్కడ ప్రమాద మట్టం 71.262 మీటర్లు. 1978లో నీరు 73.901 మీటర్ల దాకా వచ్చింది. వరద తీశాక కూడా కష్టం తీరదు. మెట్ల మీద మోకాలి లోతు ఒండ్రు పేరుకుంటుంది. దాన్ని గొట్టాలతో నీళ్లు కొట్టి మళ్లీ నదిలోకే తోస్తారు, ఆ పని వారాల తరబడి సాగుతుంది. దసరాకి వెళ్లేవాళ్లకి సగం ఘాట్లు బురదగానే కనిపించడానికి కారణం ఇదే. కార్తీకంలో మెట్లు శుభ్రంగా ఉంటాయి గానీ జనం ఎక్కువ. పౌర్ణమినాడు, అంటే దేవ్ దీపావళికి, నడక మాట మరచిపోండి. ఆ రోజు జనం ఎటు తోస్తే అటు.

చెప్పుల గురించి ఒక పేరా రాయక తప్పదు, ఎందుకంటే ఎక్కువమంది చెడేది అక్కడే. బూట్లు వద్దు. గుడి గుడికీ విప్పి కట్టుకోవాలి, పైగా పేడ, బురద, నీళ్లు. రబ్బరు హవాయి చెప్పులు ఇంకా వద్దు, తడిసిన నున్నటి రాతి మీద సర్రున జారతాయి. వెనక పట్టీ ఉండి, అడుగున గాట్లున్న శాండిల్స్ సరైనవి. నీటిని ఆనుకున్న చివరి రెండు మూడు మెట్ల మీద పచ్చటి పాచి ఉంటుంది. పడేవాళ్లలో ఎక్కువమంది అక్కడే పడతారు, అదీ సెల్ఫీకని దిగి. మెట్ల ఎత్తు కూడా ఒక తీరున ఉండదు, కొన్ని చోట్ల అడుగు దాటుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ నడకలో కష్టం దూరం వల్ల కాదు, ఎక్కి దిగడం వల్ల. ఘాట్ల వెంబడి సాగితే దాదాపు సమతలమే. ఊళ్లోకి ఎక్కిన ప్రతిసారీ రెండు మూడు అంతస్తుల మెట్లు. అందుకే ఎక్కడ ఎక్కాలో ముందే అనుకుని రోజుకి రెండుసార్లకు మించకుండా చూసుకోండి.

దక్షిణపు సగం

సూర్యోదయానికి అరగంట ముందు అస్సీలో ఉండాలి. జూన్‌లో అయితే సూర్యుడు అయిదూ పదికే లేస్తాడు, అక్టోబరులో ఆరుకి కాస్త ముందు, జనవరిలో ఆరూ నలభై దాటాక. ఆ వేళకు అక్కడ సుబహ్-ఎ-బనారస్ నడుస్తుంటుంది. 2014లో మొదలైన పొద్దుటి కార్యక్రమం ఇది: హారతి, వేదపఠనం, తర్వాత ఒక రాగం, చివర యోగా. ఉచితం, కూర్చోడానికి చోటు దొరుకుతుంది. దశాశ్వమేధ్ సాయంత్రపు హారతి చూసి చెవులు గింగురుమన్నవాళ్లకి ఇది నచ్చుతుంది. మా లెక్కలో కాశీలో సంగీతం వినడానికి సులువైన చోటు ఇదే. యోగా మొదలయ్యే వేళకి లేచి నడక మొదలెట్టవచ్చు.

అస్సీ నుంచి దశాశ్వమేధ్‌కి ఘాట్ల వెంబడి రెండున్నర, మూడు కిలోమీటర్ల మధ్య. ఆగకుండా నడిస్తే ముప్పావుగంట. ఆగుతూ, కూర్చుంటూ, టీ తాగుతూ నడిస్తే మూడు గంటలు. మూడు గంటలే సరైన కొలత. ప్రతి ఘాట్ పేరూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది కాబట్టి గైడు అవసరం లేదు. హిందీ అక్షరాలు కూడబలుక్కోగలిగితే చాలు.

తులసీ ఘాట్ వెంటనే వస్తుంది. తులసీదాసు ఉన్న చోటు. పైన లోలార్క కుండం ఉంది, నిట్టనిలువు మెట్ల బావి, పావుగంట పెట్టుకుంటే చూసి రావచ్చు. ఆ తర్వాత చేత్ సింగ్ ఘాట్. గోడ చూడగానే కోట అని తెలిసిపోతుంది. 1781లో వారన్ హేస్టింగ్స్ మనుషుల చేతికి చిక్కకుండా కాశీ రాజా చేత్ సింగ్ తప్పించుకున్నది ఇక్కడినుంచే. ఈ వరసలో తీరిగ్గా కూర్చోదగ్గ మొదటి చోటు ఇది. అంగళ్లు లేవు, పిలిచేవాళ్లు లేరు.

హనుమాన్ ఘాట్ నుంచి దక్షిణాది వాసన తగులుతుంది, అక్షరాలా. కాఫీ, ఇడ్లీ, సాంబారు. తమిళుల ఇళ్లు ఎక్కువ, తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి కుర్రవాడిగా ఉన్నది ఇక్కడే. కచోరీలు పడనివాళ్లు పొద్దుటి ఫలహారం ఈ చుట్టుపక్కల సందుల్లో ముగించవచ్చు. సాంబారు తియ్యగా ఉందని అలగకండి, ఉత్తరాదిలో అంతే.

ఆ పక్కనే హరిశ్చంద్ర ఘాట్. కాటి సీను పద్యాలు విన్న ప్రతి తెలుగువాడికీ ఈ పేరు వినగానే గుండె ఒకసారి ఆగుతుంది. ఇక్కడ దహనాలు నిత్యం జరుగుతాయి. నడిచే దారి చితుల పక్కనుంచే పోతుంది. ఫోను జేబులో పెట్టుకుని, మాట తగ్గించి, ఆగకుండా దాటండి. గాలి నదివైపు నుంచి ఉంటే పొగ ముఖానికి కొడుతుంది, చేతిరుమాలు సిద్ధంగా ఉంచుకోండి. ఇద్దరిలో ఒకరికి చూడలేనంత ఇబ్బందైతే, ఘాట్ రాకముందే పై రోడ్డెక్కి కేదార ఘాట్ దగ్గర దిగవచ్చు. ఈ మాట ముందురోజే ఒకరినొకరు అడిగి తెలుసుకోండి. అక్కడ నిలబడి చర్చించుకునే సంగతి కాదు.

తర్వాత ఒక్క నిమిషం ఆగాల్సిన చోటు విజయానగరం ఘాట్. మన విజయనగరం సంస్థానం కట్టించిందే. పెద్ద విశేషాలేమీ లేవు, కేదార ఘాట్ ఎరుపు తెలుపు చారల పక్కన దీన్ని ఎవరూ గమనించరు. గోడ మీద ఆ పేరు చదువుకుని పోవడమే.

కేదార ఘాట్ నుంచి మానససరోవర్ ఘాట్ వరకు తెలుగు వీధి అనుకోవచ్చు. పడవవాళ్లు, పూలమ్మేవాళ్లు, గాజుల అంగడివాళ్లు తెలుగులో పిలుస్తారు. తెలుగు బోర్డులు కనిపిస్తాయి. పైన పాండే హవేలీలో శ్రీరామ తారక ఆంధ్ర ఆశ్రమం ఉంది. బస, అన్నదానం రెండూ ఉన్నాయి. తొమ్మిది నిద్రలు చేసేవాళ్లు ఎక్కువగా దిగేది ఇలాంటి చోట్లే. కార్తీకం, మాఘం, శివరాత్రి రోజుల్లో గది దొరకడం కష్టం. భోజనానికి పేరు ముందుగా రాయించాలేమో చేరిన రోజే అడగండి, మధ్యాహ్నం తిన్నగా వెళ్లి పంక్తిలో కూర్చోవచ్చులే అనుకుంటే ఆకలితో తిరిగి రావాల్సి రావచ్చు. ఒక హెచ్చరిక: తెలుగులో మాట్లాడాడు కదా అని బేరం మానకండి. భాష మనదే, ధర యాత్రికుడి ధర.

స్నానానికి ఈ సగంలో కేదార ఘాట్ కన్నా దాని ఉత్తరాన ఉన్న చౌకీ, మానససరోవర్ ఘాట్లు నయం, రద్దీ తక్కువ. నీళ్లలో మెట్లు కొంతవరకే ఉంటాయి, కొన్ని విరిగి ఉంటాయి, ఆ తర్వాత లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. నడుం లోతు దాటొద్దు, ఈత వచ్చినా సరే. ఒకరు దిగితే ఒకరు గట్టున సంచులు పట్టుకుని ఉండండి. కోతులూ కుక్కలూ ఉన్నచోట సంచీ వదిలితే మొదట పోయేది ప్రసాదం పొట్లం. ఆడవాళ్లకి బట్టలు మార్చుకునే గదులు పెద్ద ఘాట్లలోనే ఉన్నాయి. చిన్న ఘాట్లలో దిగాలనుకుంటే బస నుంచే తడపదగ్గ బట్టలు వేసుకుని రావడం ఉత్తమం. మానససరోవర్ పక్కనే నారద ఘాట్. అక్కడ ఆలుమగలు కలిసి మునిగితే తగవు తప్పదని ఊరి నమ్మకం. స్నేహితుల గురించి ఏమీ చెప్పలేదు కాబట్టి మీ ఇష్టం.

చౌసట్టీ ఘాట్ దాటాక దర్భంగా ఘాట్ వస్తుంది, నిలువెత్తు రాతి స్తంభాల మేడ. ఇప్పుడది ఖరీదైన హోటలు. మెట్లు కెమెరావాళ్లతో, పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంటలతో నిండిపోతాయి. వాళ్లు చేరకముందే వస్తేనే రాయి కనపడుతుంది. అహల్యాబాయి ఘాట్ దాటితే దశాశ్వమేధ్. అక్కడ ఆగకుండా పైకెక్కి గోదౌలియా కూడలి వైపు వెళ్లిపోండి, టిఫిన్ వేళైంది.

మధ్య ముక్క

దశాశ్వమేధ్ నుంచి మణికర్ణిక కిలోమీటరు కూడా ఉండదు. అయినా ఈ నడక మొత్తంలో అలసట అక్కడే. బొట్టు పెట్టి చెయ్యి చాచేవాళ్లు, కరచాలనానికి చెయ్యిస్తే భుజం దాకా మాలిష్ మొదలెట్టేవాళ్లు, 'ముందు దారి మూసేశారు, పడవే గతి' అనేవాళ్లు. ఆ చివరి మాట ఒక్కోసారి నిజం కావడమే చిక్కు. మణికర్ణికలో పునర్నిర్మాణ పనులు నడుస్తున్నన్నాళ్లూ దారి ఒక రోజు తెరిచి ఉంటుంది, ఒక రోజు ఉండదు. పడవవాణ్ణి కాకుండా టీ కొట్టువాణ్ణి అడగండి, వాడికి అబద్ధం చెప్పి లాభం లేదు.

చూడాల్సినవి ఈ ముక్కలో మూడే. ఒకటి మాన్ మందిర్ ఘాట్ పైనున్న వేధశాల, అంటే గ్రహనక్షత్రాల కదలిక కొలిచే చోటు. మేడ రాజా మాన్ సింగ్ కట్టించింది, దాని పైకప్పు మీద యంత్రాలు పెట్టించింది 18వ శతాబ్దంలో జైపూర్ రాజు సవాయ్ జైసింగ్. జైపూర్ జంతర్ మంతర్ చూసినవాళ్లకి చిన్నదిగా తోస్తుంది, కానీ గంగ మీద కిటికీలు, పైనుంచి ఘాట్ల ఒంపు కనిపించే తీరు జైపూర్‌లో లేవు. టికెట్టు ఉంది, ఇచ్చిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. రెండు, లలితా ఘాట్ పైన నేపాలీ గుడి, చూడాల్సింది చెక్క పని. మూడు, అదే లలితా ఘాట్‌లో విశ్వనాథ ఆలయానికి నదివైపు ద్వారం. 2021 డిసెంబరులో ప్రారంభమైన కారిడార్ ఇది. నది నుంచి మెట్లెక్కి నేరుగా గుడికి చేరడం సౌకర్యమే. కానీ నడక మధ్యలో దర్శనం పెట్టుకోకండి. లోపలికి ఫోను, స్మార్ట్ వాచీ, కెమెరా, సంచీ ఏదీ రానివ్వరు. లాకర్లున్నాయి, వాటికో వరస. బయట అంగళ్లవాళ్లు ఉచితంగా దాచిపెడతామంటారు, పూలబుట్ట కొనాలన్నది అందులో దాగిన ధర. ఇద్దరిలో ఒకరు వస్తువులతో బయట కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు వెళ్లిరావడం చవకైన మార్గం. అయితే సోమవారం వరసలో రెండు రెట్లు సమయం పోతుంది. దర్శనానికి వేరే పూట, ఫోన్లు గదిలో వదిలేసి ఇద్దరూ కలిసి వెళ్లడమే మా ఓటు.

మణికర్ణిక గురించి కొద్ది మాటలే. రాత్రీ పగలూ కాష్ఠాలు ఆరవు. కట్టెలు మణుగుల లెక్కన తూస్తారు, పడవల్లో దిగుతుంటాయి. ఫొటో తీయకూడదు, ఎవరో బాల్కనీ చూపించి 'ఇక్కడినుంచి తీసుకోండి' అన్నా కూడదు. అలా అన్నవాడే తర్వాత డబ్బడుగుతాడు. 'పేదల కట్టెలకు దానం' అంటూ వృద్ధాశ్రమం కథ చెప్పేవాళ్లు ఇక్కడ తప్పకుండా తగులుతారు. వాళ్లతో వాదించకండి, కళ్లు కలపకండి, నడవండి. ఒకరు మాటల్లో చిక్కుకుంటే రెండోవాళ్లు చెయ్యి పట్టుకుని లాక్కుపోవాలి. దారి మూసి ఉంటే, లేదా చూడలేమనుకుంటే, లలితా ఘాట్ కన్నా ముందే పైకెక్కి కచోరీ గలీ గుండా చౌక్ బజారు వైపు సాగి, గఢ్‌వాసీ టోలా సందులోంచి సింధియా ఘాట్‌కి దిగవచ్చు. ఈ సందుల్లో ఫోను మ్యాపు నమ్మదగ్గది కాదు. ఇరువైపులా నాలుగంతస్తుల గోడలుండడంతో ఉపగ్రహ సంకేతం గంతులేస్తుంది, నీలం చుక్క పక్క సందులో తిరుగుతుంటుంది. 'సింధియా ఘాట్ కిధర్?' అని ప్రతి మలుపులో అడగడమే పద్ధతి. ఎద్దు ఎదురైతే గడపెక్కి నిలబడండి. మోటారు సైకిలు ఎదురైతే కూడా అంతే, ఎద్దు కాస్త మర్యాదగా పోతుంది.

సందుల్లో ఇద్దరూ పక్కపక్కన నడవలేరు, ఒకరి వెనక ఒకరే. అందుకే తప్పిపోవడం తేలిక. బయల్దేరే ముందే ఒక చోటు అనుకోండి. దశాశ్వమేధ్ వద్దు, అక్కడ కలుసుకోవడమంటే జాతరలో వెతుక్కోవడమే. మాన్ మందిర్ వేధశాల తలుపు గానీ, సింధియా ఘాట్‌లో ఒరిగిన గుడి ఎదుట మెట్లు గానీ మంచివి.

ఉత్తరపు సగం

దీన్ని ఇంకో రోజు పొద్దున, ఎదురు దిక్కు నుంచి నడవండి. ఆటో ఎక్కి ఆరింటికల్లా నమో ఘాట్ చేరి, దక్షిణంగా చౌక్ దాకా. కారణం సులువు: తిండి చౌక్ దగ్గర ఉంది, ఆకలయ్యే వేళకి అక్కడ తేలతారు. పైగా నమో ఘాట్ వైపు రోడ్డూ పార్కింగూ ఉన్నాయి, దిగడం తేలిక. మొఘల్‌సరాయ్ అని మనం పిలిచే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో రైలు దిగేవాళ్లకి ఒక సౌలభ్యం. అక్కడినుంచి ఊరు పదహారు కిలోమీటర్లు, ఆటో మాలవీయ వంతెన దాటి ఇక్కడికే చేరుస్తుంది. ఇక్కడే ఇంకో గందరగోళం: ఊళ్లో వారణాసి జంక్షన్, బనారస్, కాశీ అని మూడు వేర్వేరు స్టేషన్లున్నాయి. బనారస్ అంటే పాత మండువాడీ. కాశీ అన్నది నమో ఘాట్ పక్కనే ఉన్న చిన్న స్టేషను. తిరుగు టికెట్టు మీద ఏది రాసి ఉందో చూసుకుని మరీ ఆటో ఎక్కండి.

నమో ఘాట్ కొత్తది, పెద్దపెద్ద నమస్కారపు చేతుల బొమ్మలు, వెడల్పాటి గచ్చు. శుభ్రమైన మరుగుదొడ్లు ఉన్నాయి, వాడుకోండి, ఎందుకంటే తర్వాత చాలాసేపు ఉండవు. ఆ బొమ్మల దగ్గర అయిదు నిమిషాలు చాలు. అసలు చూడదగ్గది పక్కనున్న మాలవీయ వంతెన. 1887లో అప్పటి వైస్రాయ్ డఫరిన్ పేరుతో తెరిచారు. కింద రైలు, పైన రోడ్డు. పొద్దుటి వెలుగులో కిందినుంచి చూస్తే మన రాజమండ్రి రోడ్డు రైలు వంతెన గుర్తుకొస్తుంది.

ఇక్కడినుంచి పంచగంగ దాకా యాత్రికులు పల్చబడతారు. ప్రహ్లాద ఘాట్, త్రిలోచన ఘాట్, గాయ్ ఘాట్. గేదెలు కడిగేవాళ్లు, బట్టలు ఆరేసేవాళ్లు, మెట్ల మీద మూడు వికెట్లు గీసుకుని క్రికెట్ ఆడే పిల్లలు. బంతి నీళ్లలో పడితే అవుటు. ఎవరూ ఏమీ అమ్మజూపరు. కొన్ని చోట్ల మురుగు గొట్టాలు కనబడతాయి, వాసన ఉంటుంది, అది దాచడానికి లేదు. కుక్కలు పొద్దున గుంపులుగా ఉంటాయి. పరుగెత్తకుండా నడిస్తే అరిచి ఊరుకుంటాయి. తాగే నీళ్లు తలా లీటరు నమో ఘాట్‌లోనే కొనుక్కోండి.

పంచగంగ ఈ నడకకి శిఖరం. మెట్లు నిట్టనిలువు, పైన ఔరంగజేబు కాలపు మసీదు, పక్కన బిందుమాధవుడి గుడి. కార్తీకంలో ఇక్కడ ఆకాశదీపాలు వెలిగిస్తారు, వెదురు గడల చివర బుట్టల్లో దీపాలు. అది చూడాలంటే మాత్రం సాయంత్రం వేరేగా రావాలి. మన యాత్రికులు తప్పించుకుపోయే చోటు మెట్ల పైన సందులో ఉంది: త్రైలింగ స్వామి మఠం. విజయనగరం ప్రాంతం నుంచి వచ్చి కాశీలో దశాబ్దాలు గడిపి 1887లో ఇక్కడే సిద్ధి పొందిన తెలుగు యోగి. బెంగాలీలు వెతుక్కుంటూ వస్తారు, మనవాళ్లకి పేరు కూడా తెలియదు. లోపల పెద్ద శివలింగం ఉంది. మెట్లెక్కే శక్తి ఒక్కసారికే ఉంటే ఆ ఎక్కుడు ఇక్కడ ఖర్చు పెట్టండి.

కిందికి దిగి రామ ఘాట్, భోంస్లే ఘాట్ దాటితే సింధియా ఘాట్. నీళ్లలోకి ఒరిగిన రత్నేశ్వర్ గుడి ఇక్కడే. సుమారు తొమ్మిది డిగ్రీల వంపు. ఏడాదిలో చాలాకాలం గర్భగుడిలో నీరో ఒండ్రో ఉంటుంది. ఎండాకాలం నీరు తీసినప్పుడే లోపల అడుగు పెట్టగలరు. ఇక్కడినుంచి పైకెక్కితే సందుల్లోంచి చౌక్.

తిండి, పడవ

చలికాలమైతే చౌక్ దగ్గర, చౌఖంబా సందుల్లో మలైయో కోసమే ఎనిమిదిన్నరకి చేరాలి. మరిగించిన పాలని రాత్రంతా ఆరుబయట మంచులో ఉంచి, తెల్లారాక చిలికి, ఆ నురగలో కుంకుమపువ్వు, చక్కెర కలిపి మట్టి ముంతలో ఇస్తారు. నోట్లో పెట్టగానే ఉండదు. ఎండెక్కితే ముంతలోనూ ఉండదు, నురగ దిగిపోతుంది. పదింటికి అమ్ముతున్నారంటే అది నిలవది. వేసవిలో మలైయో అని ఎవరైనా బోర్డు పెడితే నమ్మకండి. నురగ అయిపోయాక అదే ముంతలో కాసిన్ని పాలు పోసి ఇస్తారు, అవి చివర్లో తాగాలి. కచోరీ, బంగాళదుంప శనగల కూర, పక్కన జిలేబీ, ఇది ఊరి ఫలహారం. దొన్నెలో వస్తుంది. ఇద్దరికి ఒక ప్లేటు తీసుకుని, నచ్చితే రెండోది. నూనె సంగతి కళాయి చూసి తేల్చుకోండి: నూనె నల్లబడి ఉంటే పక్క కొట్టు. తొమ్మిదిన్నర తర్వాత కూర అడుగంటిన రుచి వస్తుంది. నల్ల ఉప్పు వేసిన నిమ్మకాయ టీ ఘాట్ల మీద ఎక్కడైనా దొరుకుతుంది, పాల టీ కన్నా అదే నమ్మకం. పాన్ వేసుకోని వాళ్లు కూడా ఒక మీఠా పాన్ ప్రయత్నించవచ్చు. జర్దా, అంటే పొగాకు, వద్దని ముందే చెప్పండి.

పడవ నడకకి బదులు కాదు, తోడు. నడిచిన సగాన్ని సాయంత్రం నీటి మీదనుంచి చూస్తే గోడలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. బేరంలో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ధర పడవకా, తలకా అన్నది తేల్చుకోకపోవడంలో. ఈ వాక్యం నేర్చుకోండి: 'దో లోగ్, పూరీ నావ్, ఏక్ ఘంటా, కుల్ కిత్నా?' (ఇద్దరం, పడవ మొత్తం, ఒక గంట, అంతా కలిపి ఎంత?) తెడ్ల పడవ అయితే అస్సీలో ఎక్కి ఉత్తరంగా దశాశ్వమేధ్ దిశలో పోవడం మేలు, ప్రవాహం తోస్తుంది. అటునుంచి ఇటు అడిగితే ఎదురీత కాబట్టి సమయమూ డబ్బూ ఎక్కువ అడుగుతాడు, అది న్యాయమే. మోటారు బోటు చవక, కానీ ఇంజను మోతలో పక్కవాళ్ల మాట వినపడదు. లైఫ్ జాకెట్టు ఇవ్వకపోతే దిగిపోండి.

హారతికి చలికాలంలో ఆరుకి, వేసవిలో ఏడుకి అటూ ఇటుగా మొదలు, ముప్పావుగంట. మెట్ల మీద చోటు కావాలంటే గంట ముందు కూర్చోవాలి. గోదౌలియా నుంచి సాయంత్రం వాహనాలు రానివ్వరు, పది నిమిషాలు జనంలో నడక. అయిపోయాక అందరూ ఒకేసారి అదే రోడ్డు మీద పడతారు. అప్పుడు వెంటనే లేవకుండా, మెట్ల వెంబడి దక్షిణంగా పాండే ఘాట్ దాకా నడిచి అక్కడ పైకెక్కితే పాండే హవేలీ, ఆ పైన రోడ్డు, ఆటోలు. అరగంట తోపులాట తప్పుతుంది.